రోజుకి మీకు ప్రొటీన్ ఎంత కావాలి? ఇంట్లోనే లెక్క వేసుకునే పద్ధతి

జిమ్ ట్రైనర్‌ని అడిగితే రోజుకి 150 గ్రాములు అంటాడు. అమ్మమ్మని అడిగితే, పప్పన్నం తినే మీ తాతయ్య అంత పొలం దున్నాడు, పోవోయ్ అంటుంది. నిజానికి దీనికి ఇంకొకర్ని అడగాల్సిన పనే లేదు. ఒక గుణకారం, ఒక కూడిక, ఒక తీసివేత వస్తే చాలు. హైదరాబాద్‌లో అన్నం తినే ఇళ్ళలో కూర్చుని లెక్క వేస్తే చాలాసార్లు తేలేది ఒకటే: ట్రైనర్ చెప్పినంత అక్కర్లేదు, అమ్మమ్మ అనుకున్నంత అందట్లేదు. కొరత పది, పదిహేను గ్రాముల దగ్గర ఉంటుంది. అది మీ ఇంట్లో ఎంతో కింద చెప్పినట్టు చూసుకోండి.

కావాల్సినవి: వంటింట్లో పెట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ తూకం, ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్.

1. ముందు మీ అంకె రాసుకోండి

తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో మొదలై, 1958లో మన ఊరికి వచ్చింది. దేశంలో ఎవరు ఏది ఎంత తినాలో లెక్క కట్టి చెప్పేది ఈ సంస్థే. 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి శరీర బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 65 కిలోల మగవాళ్ళకి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల ఆడవాళ్ళకి సుమారు 46.

ఇది బొటాబొటి అంకె అని జిమ్‌లో చెబుతుంటారు. పూర్తిగా నిజం కాదు. మూత్రంలో, మలంలో, రాలే చర్మంలో, జుట్టులో రోజూ ఎంత నత్రజని (ప్రొటీన్‌లో ఉండేదే) పోతోందో, తిండితో ఎంత లోపలికి వెళ్తే ఆ నష్టం పూడుతుందో కొలిచి తేల్చిన సగటు అవసరం 0.66 గ్రాములు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి దాదాపు అందరికీ సరిపోయేలా దాన్ని 0.83కి పెంచారు. వెసులుబాటు అందులోనే ఉంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, మనలాంటి వాళ్ళకి అసలు సంగతి ఇదే. ఈ 0.83 అనేది గుడ్డు, పాలు, మాంసంలో ఉండేలాంటి నాణ్యమైన ప్రొటీన్‌కి వేసిన లెక్క. ఎక్కువ భాగం అన్నం నుంచో రొట్టెల నుంచో వచ్చేవాళ్ళు కిలోకి 1 గ్రాము చొప్పున వేసుకోవాలని అదే సంస్థ చెబుతోంది. రోజూ గుడ్డో, చికెనో, రెండు పూటలా గట్టి పెరుగో ఉంటే 0.83తో గుణించండి. అన్నం, చారు, కూరతో రోజు గడిచిపోయే ఇల్లయితే 1తో గుణించండి. రెండోదైతే కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, మీ బరువే మీ అంకె.

2. ఏ బరువుతో గుణించాలి?

95 కిలోలున్నాయని 95తో గుణించకండి. కొవ్వుకి ప్రొటీన్ పెద్దగా అక్కర్లేదు. మీ ఎత్తుకి ఉండాల్సిన బరువు తీసుకోండి: ఎత్తుని మీటర్లలో రాసి, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 22తో గుణిస్తే చాలు. 165 సెంటీమీటర్ల మనిషికి 1.65 × 1.65 × 22, సుమారు 60 కిలోలు. మరీ బక్కగా ఉన్నవాళ్ళు కూడా ఈ బరువుతోనే లెక్క వేసుకుంటే మంచిది.

3. మీది మామూలు లెక్కేనా?

కొందరికి ఈ గుణకారం మారుతుంది.

గర్భిణులకి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మామూలు అంకె మీద రోజుకి 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు అదనం. బిడ్డకి పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 17, తర్వాత ఆరు నెలలు 13 గ్రాములు కలపాలి. పిల్లలకి పెద్దవాళ్ళ లెక్క పెట్టకండి. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి రోజుకి 16 గ్రాములు, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి 23 గ్రాములు చాలు. పాలు, పప్పు, గుడ్డు తినే పిల్లలకి ఇది ఇట్టే వచ్చేస్తుంది. ‘మా వాడికి ప్రొటీన్ తక్కువైందేమో’ అని డబ్బా పౌడర్లు కలిపే తల్లులు ముందు ఈ అంకె చూడాలి.

నిజంగా బరువులెత్తేవాళ్ళకి, అంటే వారానికి మూడు నాలుగు రోజులు చెమటోడ్చేవాళ్ళకి, 1.2 నుంచి 1.6 వేసుకోవచ్చు. కిలోకి 1.6 గ్రాములు దాటాక కండ పెరగడంలో చెప్పుకోదగ్గ లాభం లేదని చాలా పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది. 70 కిలోల కుర్రాడికి 112 గ్రాములతో ఆట అయిపోయినట్టే. కేబీఆర్ పార్కులో పొద్దున అరగంట నడిచి, బయట పొంగనాలు తినేవాళ్ళు ఈ లెక్కలోకి రారు.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపి, మీ నెఫ్రాలజిస్ట్ చెప్పిన అంకె పట్టుకోండి. డయాలసిస్‌కి ముందు దశలో ప్రొటీన్ తగ్గించమంటారు, డయాలసిస్ మొదలయ్యాక పెంచమంటారు, కాబట్టి పక్కింటాయన డైట్ చార్టు మీకు పనికిరాదు. షుగరు, బీపీ చాలా ఏళ్ళుగా ఉండి కిడ్నీ ఎప్పుడూ చూపించుకోనివాళ్ళు, ప్రొటీన్ పెంచే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. మూత్రం రోజూ నురగ కడుతుంటే మరీను.

4. పప్పు గరిటెలో ఏముందో తూచండి

ఈ మెట్టు దాటేసి నేరుగా కిందికి వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళకండి. మొత్తం లెక్క తప్పేది ఇక్కడే.

‘మేం రోజూ పప్పు తింటాం’ అనేవాళ్ళు వండక ముందు పప్పుని తూచి చూడాలి. మా ఇంట్లో పప్పు కొలిచే చిన్న టీ గ్లాసులో కందిపప్పు తలగొట్టి పోస్తే 110 గ్రాములు తూగింది. కందిపప్పు 100 గ్రాములకి సుమారు 22 గ్రాముల ప్రొటీన్. అంటే గిన్నె మొత్తంలో 24 గ్రాములు. అందులో పాలకూర పడింది, టమాటా పడింది, గుత్తితో ఎనిపి నీళ్ళు పోశాక గిన్నె నిండింది. నలుగురికి పంచితే మనిషికి ఆరు గ్రాములు. సగం రాత్రికి దాచితే పూటకి మూడు. కంచంలో చూస్తే పప్పు చాలానే ఉన్నట్టుంటుంది, ఎందుకంటే కనిపించేదంతా ఆకుకూర, నీళ్ళు. పప్పుచారు అయితే ఇంకా పలుచన. ఉలవచారు సంగతీ అంతే: పైన తేరిన నీళ్ళతో చారు కాచి గింజల్ని పక్కన పడేస్తే ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఆ గింజలతోనే పోతుంది. ఆ ఉడికిన ఉలవల్ని పోపు పెట్టుకుని తినండి.

బియ్యం, పప్పు, మాంసం ఏదైనా పచ్చిగా ఉన్నప్పుడే తూచి రాసుకోండి. బియ్యం, పప్పు ఉడికాక నీళ్ళు పట్టి బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది. ఇంటర్నెట్‌లో ‘పప్పులో 22 శాతం’ అని చూసి, ఉడికిన పప్పు 100 గ్రాములు తిని 22 రాసుకునేవాళ్ళున్నారు. అందులో ఉండేది ఏడో ఎనిమిదో. చికెన్ దీనికి తలకిందులు: నీళ్ళు పోయి బరువు తగ్గుతుంది, పైగా ఎముకలుంటాయి. స్కిన్‌లెస్ కర్రీ కట్ అయితే బరువులో పావు నుంచి మూడో వంతు దాకా ఎముకలకి తీసేయండి.

కింద ఉన్నవి పచ్చి సరుకు 100 గ్రాములకి ఉండే ప్రొటీన్, దగ్గర అంకెలు. కాగితం మీద ఎక్కించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి.

- బియ్యం 8, గోధుమపిండి 10.5, జొన్నలు 10, రాగులు 7
- కందిపప్పు, శనగపప్పు 22, పెసరపప్పు 24, మినపప్పు 23
- శనగలు 19, బొబ్బర్లు 21, పెసలు 22
- పల్లీలు 24, మీల్ మేకర్ 50 పైన
- చికెన్ మెత్తటి కండ 22, చేప 18 నుంచి 20, మటన్ 20
- పనీర్ 19, పాలు, పెరుగు 3 నుంచి 3.5
- గుడ్డు ఒకటికి 6

5. ఒక మామూలు రోజు తిండి రాయండి

ఆదివారం వద్దు. ఆదివారం మటన్ ఉంటుంది, లేకపోతే బిరియానీ ఆర్డర్ ఉంటుంది, ఆ రోజు అందరూ పాసవుతారు. బుధవారమో గురువారమో తీసుకోండి. పొద్దున కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా ఏది తిన్నా రాయండి.

అమీర్‌పేట్ హాస్టల్‌లో ఉండి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్ళివచ్చే 60 కిలోల మనిషిని ఊహించుకుందాం. శాకాహారం, గుడ్డు తింటాడు కానీ రోజూ కాదు.

పొద్దున బండి దగ్గర నాలుగు ఇడ్లీలు. ఒక ఇడ్లీలో సుమారు 15 గ్రాముల పొడి సరుకు ఉంటుంది, రెండు పాళ్ళు రవ్వ, ఒక పాలు మినపప్పు అనుకుంటే ఇడ్లీకి 2 గ్రాములు. నాలుగింటికి 8. మధ్యాహ్నం 125 గ్రాముల బియ్యం అన్నానికి 10, చిన్న గిన్నెడు పప్పుకి 5.5, కూరకి 2, కప్పు పెరుగుకి 3, మొత్తం 20 పైచిలుకు. సాయంత్రం రెండు చాయ్‌లు, రెండు ఉస్మానియా బిస్కెట్లు, అన్నీ కలిపి 4. రాత్రి 100 గ్రాముల బియ్యం అన్నానికి 8, పప్పుచారుకి 3, పెరుగుకి 3, మొత్తం 14.

కూడితే 46, 47 దగ్గర ఆగుతుంది. కావాల్సింది, అన్నం మీదే నడుస్తోంది కాబట్టి, 60. కొరత 13 గ్రాములు.

ఆ 47లో బియ్యం నుంచి వచ్చింది ఎంతో ఇంకోసారి చూడండి. మధ్యాహ్నం 10, రాత్రి 8, ఇడ్లీ రవ్వలో 3. దాదాపు సగం. బియ్యం ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ని కట్టే ఇటుక లాంటిది) తక్కువ. పప్పులో అది బాగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది, పప్పన్నం జోడీలో ఉన్న తెలివి అదే. మూడు పాళ్ళు బియ్యానికి ఒక పాలు పప్పు పడాలి. పైన చెప్పిన మధ్యాహ్నం భోజనంలో 125 గ్రాముల బియ్యానికి పడిన పప్పు 25 గ్రాములే, అంటే అయిదుకి ఒకటి. రాత్రికి అదీ లేదు.

6. కొరత ఎంతో అంతే పూడ్చండి

13 గ్రాముల కోసం జీవితం మార్చుకోనక్కర్లేదు. కింది వాటిలో మీకు కుదిరేవి రెండు పట్టుకోండి.

రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు. హాస్టల్లో కెటిల్ ఉంటే అందులోనే ఉడుకుతాయి, వార్డెన్ చూడకపోతే.

ఇడ్లీ బండి దగ్గరే పెసరట్టు ఉంటే దానికి మారండి. 40 గ్రాముల పెసలతో పోసిన పెసరట్టులో 9 గ్రాములుంటాయి, రెండు తింటే 18, సాదా దోసెలో దాని సగం కూడా ఉండదు. పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటే మళ్ళీ రవ్వ తిన్నట్టే, రుచి కోసమైతే మీ ఇష్టం.

సాయంత్రం చాయ్‌తో బిస్కెట్ బదులు గుడాలు. శనగలో, బొబ్బర్లో, పెసలో రాత్రి నానబెట్టి ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపేసేవి. తెలంగాణలో ఇంతకన్నా మంచి ప్రొటీన్ తిండి నాకు తెలిసి లేదు, దానికి ఎవరూ ప్రకటనలివ్వరు. 50 గ్రాముల పచ్చి గింజలకి 10 గ్రాములు వస్తాయి. వండే ఓపిక లేకపోతే గుప్పెడు పుట్నాలో వేయించిన పల్లీలో, 30 గ్రాములకి 6 లేదా 7. పల్లీల్లో నూనె కూడా సగం దాకా ఉంటుంది కాబట్టి గుప్పెడు దగ్గర ఆగాలి.

ఇంట్లో వండుకునేవాళ్ళకి అన్నిటికన్నా తేలిక మార్గం: పప్పు గ్లాసు ఒకటి వేసేచోట ఒకటిన్నర వేయండి, అన్నం గిన్నెలో పావు గ్లాసు తగ్గించండి. అదే వంట, అదే పోపు. హోటల్లో ఫుల్ మీల్స్ తింటుంటే రెండోసారి అన్నం అడిగేచోట పప్పు అడగండి. ఇవ్వకపోవడం అరుదు, మనం అడగకపోవడమే ఎక్కువ.

మాంసాహారులకి ఇంకా సులువు. 100 గ్రాముల మెత్తటి చికెనో చేపో వండుకుంటే 20 గ్రాములు. కానీ ఆదివారం పావుకిలో తిని మిగతా ఆరు రోజులు చారన్నం తింటే లెక్క సరిపోదు. కొవ్వులా ప్రొటీన్‌ని తర్వాతి వారానికి దాచుకునే చోటు ఒంట్లో లేదు.

ఇక అన్నం పూర్తిగా మానేసి చికెన్ మీద బతుకుదామనుకునేవాళ్ళకి ఒక మాట. ఒంటికి కావాల్సిన కేలరీలు అందకపోతే, తిన్న ప్రొటీన్‌నే పొయ్యిలో కట్టెల్లా కాల్చేసుకుంటుంది. 1960లలో హైదరాబాద్‌లోనే పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ పోషకాహార లోపమున్న పిల్లల్ని చూసి, ప్రపంచమంతా ప్రొటీన్ కొరత అని గోల పెడుతున్న చోట అసలు కొరత తిండి మొత్తంలో, కేలరీల్లో ఉందని చెప్పారు. కడుపు నిండాకే ప్రొటీన్ తన పని తాను చేస్తుంది.

7. రూపాయి లెక్క కూడా చూసుకోండి

ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి పద్ధతి నేర్చుకుంటే చాలు: ధరని అందులో ఉన్న ప్రొటీన్ గ్రాములతో భాగించండి. గుడ్డు 6 రూపాయలైతే గ్రాము ప్రొటీన్ రూపాయి. కందిపప్పు కిలో 130 అయితే అందులో 220 గ్రాములు, గ్రాము 60 పైసలు. పాలు లీటరు 60 అయితే గ్రాము రూపాయి ముప్పావలా దాకా. మీల్ మేకర్ కిలో 150 అయితే 30 పైసలు. 75 శాతం ప్రొటీన్ ఉన్న వే పౌడర్ కిలో 3,000 అయితే 4 రూపాయలు. ఈ వారం రైతు బజార్‌కి వెళ్ళినప్పుడు అక్కడి బోర్డు మీద ధరలతో మీరే వేసి చూడండి.

పౌడర్ విషం కాదు. వే అంటే పాలు విరిచి చీజ్ తీశాక మిగిలే నీళ్ళ నుంచి తీసిన ప్రొటీన్. ఒక స్కూప్‌లో 24 గ్రాములు, నాలుగు గుడ్లతో సమానం, అంతకు మించి మహత్యం లేదు. కండ కోసం ఈ పౌడర్లు వాడొద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అయినా కొంటామంటే డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు చూడండి, అమైనో ఆమ్లాల పట్టిక ఉందో లేదో చూడండి. ప్రొటీన్‌ని నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. అందుకే గ్లైసిన్ లాంటి చవక అమైనో ఆమ్లం కలిపి అంకె పెంచి చూపే మోసం ఉంది. ‘ప్రొటీన్ బిస్కెట్’ అని రాసినవాటిని వెనక్కి తిప్పి, ఒక బిస్కెట్‌కి ఎన్ని గ్రాములో చదివితే చాలు, మళ్ళీ కొనరు.

8. ఇంట్లో పెద్దవాళ్ళ కంచం వేరుగా చూడండి

ఈ లెక్కలన్నీ జిమ్ కుర్రాళ్ళ కోసం వెతుకుతారు కానీ, ఎక్కువ అవసరమైనవాళ్ళు ఇంట్లో సోఫాలో కూర్చుని ఉంటారు. అరవై దాటాక కండ తనంతట తానే కరగడం పెరుగుతుంది, తిన్న ప్రొటీన్‌ని కండగా మార్చుకునే శక్తి తగ్గుతుంది. అందుకే వృద్ధులకి కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని వృద్ధాప్య వైద్య నిపుణులు అంటారు, కిడ్నీలు బాగుంటే.

మన ఇళ్ళలో జరిగేది దీనికి పూర్తి విరుద్ధం. ‘నాకేం వద్దమ్మా, రెండు ఇడ్లీలు చాలు’ అని రాత్రి అవే తింటారు, 4 గ్రాములు. పగలు పళ్ళు లేక చికెన్ ముక్క పక్కన పెట్టేసి పులుసుతో కలుపుకుంటారు. మజ్జిగ తాగుతారు కానీ గ్లాసులో పెరుగు రెండు చెంచాలే. ఏం తక్కువైందో పైకి కనిపించదు, బాత్రూమ్‌లో లేవడానికి గోడ పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

పూటకి 20 గ్రాముల చొప్పున మూడు పూటలా పంచండి, ఒకే పూట కుక్కితే వాళ్ళకి అరగదు కూడా. నమలక్కర్లేని తిండి చూడండి: మెత్తటి కోడిగుడ్డు పొరటు, ముల్లు తీసిన చేప, ఖీమా, పెసరపప్పు గట్టిగా వేసిన కిచిడీ, చిక్కటి పెరుగు, తినగలిగితే పనీర్ తురుము. పెసరపప్పు సరిపోకపోతే జావలో పాలు కలపండి. అత్తమ్మ గుడ్డు ముట్టకపోతే వెంటపడకండి, మీల్ మేకర్‌ని మిక్సీలో పొడిచేసి చపాతీ పిండిలో కలిపితే 20 గ్రాముల పొడికి 10 గ్రాములు వస్తాయి, ఎవరికీ తెలియదు. దానితోపాటు రోజుకి పదిసార్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమనండి. ఆ పని లేకుండా ఎంత తిన్నా కాళ్ళకి పట్టదు.

ఒక విషయం ఈ సందర్భంలో చెప్పాలి. జుట్టు ఊడుతోంది, నీరసంగా ఉంది అంటే ప్రొటీన్ తక్కువని తీర్మానించకండి. మన దగ్గర దాని వెనక రక్తహీనతో, థైరాయిడ్డో ఉండడం మామూలే. హెల్త్ ప్యాకేజీలో వచ్చే ‘టోటల్ ప్రొటీన్’, ‘ఆల్బుమిన్’ అంకెలు కూడా మీరేం తింటున్నారో చెప్పవు. అవి తగ్గితే లివరో, కిడ్నీయో, ఒంట్లో ఏదైనా ఇన్ఫెక్షనో చూసుకోవాలి తప్ప డబ్బా కొనుక్కోవడం మందు కాదు.

9. నెలకోసారి మళ్ళీ రాయండి

రోజూ యాప్‌లో ఎక్కించడం వద్దు, వారానికే విసుగొస్తుంది. నెలలో ఒక మామూలు రోజు తీసుకుని అయిదో మెట్టు మళ్ళీ చేయండి. మీ అంకెకి అయిదు గ్రాములు అటూ ఇటూ ఉంటే వదిలేయండి. బోనాలు, రంజాన్ నెల, కార్తీక మాసం ఉపవాసాలు వచ్చినప్పుడు తిండి తీరు మారుతుంది, అప్పుడు ఇంకోసారి తూకం బయటికి తీయండి. కార్తీకంలో ఒంటిపూట తినేవాళ్ళు ఆ ఒక్క పూటలో పప్పు రెట్టింపు వేసుకుని, రాత్రి పాలు ఒక గ్లాసు బదులు రెండు తాగితే కొరత కొంతైనా తగ్గుతుంది.